తీగ ఆగితే మొదలయ్యే రొద: గిటార్ కంప్రెసర్, సీమ వేదికలు

కర్నూలు వినాయక నిమజ్జనంలో కేసీ కెనాల్ గట్టున వాయించే గిటారిస్టుకు కంప్రెసర్ పెడల్ రొదతో పేచీ లేదు. డప్పులూ జనమూ జనరేటరూ కలిసి చేసే హోరులో పెడల్ బుస ఎవరి చెవినీ తాకదు. అదే మనిషి ఆదివారం చర్చిలో వాయిస్తే సంగతి వేరు. పాట ముగుస్తుంది, అందరూ తలలు వంచుతారు, ప్రార్థన మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి ‘స్స్స్’మని ఒక బుస మెల్లగా పైకి లేస్తుంది. దాని అడుగున ‘గుయ్య్’మని ఇంకొకటి.

లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో పని మొదలుపెట్టింది. ఇప్పుడు కడప కేంద్రంగా సీఎస్ఐ రాయలసీమ డయోసిస్, పక్కనే నంద్యాల డయోసిస్ ఉన్నాయి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఎలక్ట్రిక్ గిటారుకు క్రమం తప్పకుండా పని ఉండే చోట్లలో చర్చి ముందుంటుంది. ఆ తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రాలు, పండుగ పందిళ్లు. ఈ మధ్య వీటికి ఇంట్లో కూర్చుని ఫోనులోనో కంప్యూటర్లోనో పాటలు రికార్డు చేసే కుర్రాళ్లు తోడయ్యారు. చర్చి మౌనం, రికార్డింగు మౌనం రెండూ కంప్రెసర్‌కు కఠిన పరీక్షలే.

రొద తగ్గించడానికి సలహాలకు కొదవ లేదు. పెడల్ మార్చమని ఒకరు, నాయిస్ గేట్ కొనమని ఒకరు, అడాప్టర్ మార్చమని ఇంకొకరు, ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పొయ్యమని మైక్‌సెట్ వాళ్లు చెబుతారు. ఒక్కో సలహాలో కొంత నిజం ఉంది. ఏ రొదకు ఏది మందో తెలియకుండా వాడటమే చిక్కు. ఈ సలహాలన్నిటినీ ఒకచోట చేర్చి తూచడం ఈ వ్యాసం ఉద్దేశం. నా తీర్పు ముందే చెబుతాను. కంప్రెసర్ రొద అని మనం తిట్టుకునేదాంట్లో పెద్ద వాటా కంప్రెసర్‌ది కాదు. దానికి ముందే పుట్టినదాన్ని అది పెంచి వినిపిస్తుంది. అందుకే వైద్యం కరెంటు, గిటారు వైపు నుంచి మొదలై పెడల్ దగ్గరికి రావాలి. మన దగ్గర మాత్రం పెడల్‌తో మొదలై పెడల్‌తోనే ఆగిపోతోంది.

పెడల్ చేసే పని

క్లాసులో అరిచే పిల్లవాణ్ణి తగ్గమని, గొణిగే పిల్లవాడికి మైకు అందించే మాస్టారిలాంటిది కంప్రెసర్. పిల్లలంతా నోరు మూసుకుంటే ఆ మైకులో వినిపించేది ఫ్యాను చప్పుడే.

అంకెల్లో చూద్దాం. గట్టి మీటు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర, రొద మైనస్ 70 దగ్గర ఉన్నాయనుకోండి. రెంటి మధ్య ఎడం 60. సస్టెయిన్ నాబ్ తిప్పి 15 డెసిబెల్స్ పెంపు ఇచ్చారు. గట్టిగా మీటినప్పుడు పెడల్ ఆ పెంపును వెనక్కి తీసుకుంటుంది, స్వరం మైనస్ 10 దగ్గరే నిలుస్తుంది. తీగ ఆగగానే పెంపంతా తిరిగి వస్తుంది, రొద మైనస్ 55కు ఎక్కుతుంది. ఎడం 45కు పడిపోయింది. 15 డెసిబెల్స్ అంటే వోల్టేజిలో దాదాపు అయిదున్నర రెట్లు. గిటారిస్టు చెయ్యి ఆపిన క్షణంలో రొద అయిదున్నర రెట్లు అవుతోందన్నమాట.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఏ ఒక్క క్షణాన్ని తీసుకున్నా స్వరాన్నీ రొదనూ పెడల్ ఒకే లెక్కన హెచ్చిస్తుంది, ఒకే లెక్కన తగ్గిస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు రెంటికీ ఉన్న నిష్పత్తే బయటికి వెళ్లేటప్పుడూ ఉంటుంది, పెడల్ సొంతంగా కలిపే బుస తప్ప. కాబట్టి లోపలికి వెళ్లే స్వరం శుభ్రంగా ఉంటే తప్ప ఏ కంప్రెసర్ కూడా శుభ్రమైన స్వరాన్ని ఇవ్వలేదు. ఎంత ఖరీదు పెట్టినా ఈ లెక్క మారదు.

ఇంత ఇబ్బంది పెట్టేదాన్ని వాడటం ఎందుకంటే, మన సంగీతానికి సాగే స్వరం కావాలి. గమకం పలకాలంటే మీటిన తీగ నాదం చివరిదాకా నిలబడాలి. పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌లోని జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్‌ మీద కర్ణాటక సంగీతం పలికించారు. తీగను లాగినప్పుడు స్వరం చచ్చిపోకుండా సాగాలన్న ఆ అవసరమే గిటారు మీద మన పాట వాయించేవారినీ కంప్రెసర్ దగ్గరికి తీసుకొస్తోంది. డిస్టార్షన్ వద్దు, సాగుడు కావాలి అనుకునేవారికి ఇది దగ్గరి దారి.

రొద ఎక్కడిదో కనుక్కోవడం

వైద్యానికి ముందు నాడి పట్టాలి. పరికరాలేవీ అక్కర్లేదు, చెవులు చాలు.

మొదట గిటారు వాల్యూమ్ నాబ్ పూర్తిగా సున్నాకు తిప్పండి. పోయిన రొద గిటారుది. మిగిలిన రొద కేబుల్, పెడల్, కరెంటు, యాంప్‌లది. తర్వాత పెడల్‌కు అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. రొద తగ్గితే తప్పు అడాప్టర్‌ది. తగ్గకపోతే పెడల్ పవర్ గురించి మర్చిపోవచ్చు.

మూడోది, నిలబడిన చోటే గిటారుతో మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో రొద పెరిగి, ఇంకో దిక్కులో దాదాపు మాయమైతే, పికప్ కాయిల్ గదిలోని అయస్కాంత క్షేత్రాన్ని పడుతోందని అర్థం. యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్, గోడలోని వైరింగు, పక్కనున్న అడాప్టర్ ఇందుకు కారణాలు. ఒంటి కాయిల్ పికప్‌కు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలిపి హంబకర్ తయారు చేసింది దీనికి విరుగుడుగానే. బయటి నుంచి వచ్చే హమ్ రెండు కాయిళ్లలోనూ ఎదురెదురై రద్దవుతుంది, తీగ స్వరం మాత్రం కలుస్తుంది.

నాలుగోది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ముఖ్యం. తీగల మీద అరచెయ్యి ఆనించి, తీసి చూడండి. ఆనించినప్పుడు రొద తగ్గి, తీసినప్పుడు పెరిగితే భయం లేదు. గదిలోని విద్యుత్ క్షేత్రాన్ని మన ఒళ్లు పట్టి గిటారుకు అందిస్తోంది, తీగ ముట్టుకోగానే ఆ ఒళ్లు గిటారు గ్రౌండుతో కలిసి సద్దుమణుగుతోంది. గిటారు లోపల రాగిరేకుతో షీల్డింగ్ చేయిస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. ముట్టుకున్నప్పుడు రొద పెరిగినా, చేతికి జివ్వుమన్నా మాత్రం వాయించడం ఆపెయ్యాలి. అది ఎర్త్ లేని కరెంటు. ఆ గిటారుతో మైకుకు పెదవి ఆనించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

గొంతును బట్టి కూడా రొద ఇంటిపేరు చెప్పవచ్చు. లోతుగా, మెత్తగా ఉండే ‘గుమ్మ్’ 50 హెర్ట్జ్ హమ్, అంటే మన కరెంటు పౌనఃపున్యం. గరుకుగా ‘జర్ర్’మనేది 100 హెర్ట్జ్, దాని పైమెట్ల కలగలుపు. డిమ్మర్లు, సీరియల్ సెట్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు దీన్ని పుట్టిస్తాయి. సన్నని ‘కీ’ ధ్వని అడాప్టర్‌దో, అదే అడాప్టర్ మీద నడుస్తున్న డిజిటల్ డిలే పెడల్‌దో. రంగూ రుచీ లేకుండా వాన పడుతున్నట్టుండే ‘స్స్స్’ ఎలక్ట్రానిక్ బుస. అప్పుడప్పుడు మాటలూ పాటలూ వినిపిస్తే అది రేడియో. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌ మీద ప్రసారం చేస్తుంది. షీల్డ్ ఊడిన కేబుల్ ఏరియల్‌గా, పెడల్‌లోని మొదటి ట్రాన్సిస్టర్ డిటెక్టర్‌గా మారితే పెడల్ రేడియో అవుతుంది. మంచి షీల్డ్ ఉన్న పొట్టి కేబుల్ పెడితే చాలావరకు సరిపోతుంది.

పెడల్ సొంత బుస

కంప్రెసర్లు అన్నీ ఒకటి కావు. ఎంఎక్స్ఆర్ డైనాకాంప్, రాస్ కంప్రెసర్‌ల వంశం 1970ల నాటిది. ఇప్పటికీ చవకలో దొరికే నకళ్లలో ఎక్కువ భాగం ఆ వంశానివే. వాటి గుండె సీఏ3080 లాంటి ఓటీఏ చిప్. ఈ చిప్ వికృతి లేకుండా మోయగలిగింది పది, ఇరవై మిల్లీవోల్టులే. గిటారు నుంచి వచ్చేది వందల మిల్లీవోల్టులు. అందుకే లోపలికి రాగానే స్వరాన్ని బాగా తగ్గించి, చిప్ గుండా పంపి, మళ్లీ పెంచుతారు. తగ్గించినప్పుడు స్వరం చిప్ బుసకు దగ్గరగా వస్తుంది, పెంచినప్పుడు బుస కూడా వెంట పెరుగుతుంది. ఈ కుటుంబానికి బుస ఎక్కువన్న పేరు ఊరికే రాలేదు. ఆ పేరుతో పాటు, మీటు మొదట్లో వచ్చే ఆ ‘టక్’ కోసం దాన్ని ప్రేమించేవాళ్లూ ఉన్నారు.

రెండో దారి వీసీఏ. డేవిడ్ బ్లాక్‌మర్ 1970ల తొలినాళ్లలో డీబీఎక్స్ కంపెనీ కోసం రూపొందించిన ఈ పద్ధతి స్టూడియోల నుంచి పెడళ్లకు దిగింది. బుస తక్కువ. మూడోది ఆప్టికల్. ఒక చిన్న దీపం, దాని వెలుగుకు నిరోధం మారే ఎల్‌డీఆర్. స్వరం దారిలో ఉండేది మామూలు నిరోధమే కాబట్టి సొంత బుస తక్కువ, స్పందన నింపాదిగా ఉంటుంది. నాలుగోది ఎఫ్ఈటీ. 1970ల నాటి డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆరెంజ్ స్క్వీజర్ ఈ కోవదే.

బాస్ కంపెనీ 1978లో సీఎస్-1, 1981లో సీఎస్-2, 1986లో సీఎస్-3 తెచ్చింది. ఆర్కెస్ట్రా వాళ్ల పెడల్‌బోర్డుల మీద ఎక్కువగా కనిపించే కంప్రెసర్లలో సీఎస్-3 ఒకటి. దాని టోన్ నాబ్‌ను కొంచెం తగ్గిస్తే బుస తగ్గుతుంది. బుస ఎక్కువగా వినపడేది పైస్థాయిలో కాబట్టి పైస్వరాలను కాస్త వదులుకుంటే మౌనం వస్తుంది. మెరుపు ఎంత, మౌనం ఎంత అన్నది పాటను బట్టి తేల్చుకోవాలి.

మన ఎండల మీద ఒక అపోహ ఉంది. మే నెలలో పెడళ్లు వేడెక్కి బుస కొడతాయని. నిరోధాల బుసకు వేడితో సంబంధం ఉన్న మాట నిజమే, 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్, నైక్విస్ట్ దాన్ని లెక్కగట్టి చూపారు. కానీ ఆ లెక్కలో ఉన్నది కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలం. 25 డిగ్రీల గది నుంచి 43 డిగ్రీల షామియానాకు వెళితే బుస పెరిగేది పావు డెసిబెల్. ఏ చెవీ దాన్ని పట్టలేదు. ఎండను తిట్టి లాభం లేదు.

అదే లెక్క మరోచోట బాగా పనికొస్తుంది. గిటారు వాల్యూమ్ సగానికి తగ్గించి, ఆ లోటును కంప్రెసర్‌తో పూడ్చుకోవడం చాలామందికి అలవాటు. పూర్తి వాల్యూమ్‌లో పెడల్‌కు ఎదురయ్యేది 8 కిలో ఓంల పికప్ అనుకుంటే, వినికిడి పరిధి అంతటా దాని సొంత బుస సుమారు 1.6 మైక్రోవోల్టులు. 250 కిలో ఓంల నాబ్‌ను స్వరం సగమయ్యేదాకా తిప్పితే ఎదురయ్యే నిరోధం 60 కిలో ఓంలు దాటుతుంది, బుస 4.5 మైక్రోవోల్టులు అవుతుంది. స్వరం సగమైంది, బుస మూడు రెట్లకు దగ్గరైంది. కాయిల్ స్వభావం వల్ల పైస్వరాల దగ్గర ఈ అంకెలు మారతాయి గానీ దిశ మారదు. కంప్రెసర్‌ వాడేటప్పుడు గిటారు వాల్యూమ్ నిండుగా ఉంచాలి. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

సీమ నేల, సీమ కరెంటు

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన భాగం ఇది. నంద్యాల వైపు నల్లరేగడి, కడప చుట్టూ నాపరాతి పొరలు, అటూ ఇటూ నల్లమల, ఎర్రమల కొండలు. తడిసిన నల్లరేగడి కరెంటును బాగానే మోస్తుంది. ఎండాకాలం అదే నేల బీటలు వారి ఎర్త్ కడ్డీ నుంచి ఎడంగా జరుగుతుంది. రాతినేల సంగతి చెప్పనక్కర్లేదు. ఉప్పూ బొగ్గూ పోసిన ఎర్త్ గుంతల్లో వేసవిలో బిందెలతో నీళ్లు పోయడం అందుకే.

లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క కడ్డీని 100 ఓం-మీటర్ల నేలలో దింపితే నిరోధం సుమారు 33 ఓంలు. 1000 ఓం-మీటర్ల పొడి రాతినేలలో అదే కడ్డీ 335 ఓంలు. ఎర్త్ తీగ ఆ కడ్డీకి మాత్రమే వెళ్లే చోట యాంప్ లోపల లైవ్ వైరు ఊడి డబ్బాకు తగిలిందనుకోండి. 230 వోల్టులను 335తో భాగిస్తే పారే కరెంటు ఆంపియర్‌లో మూడింట రెండు వంతులు. 6 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలనైనా కదలదు. డబ్బా లైవ్‌గానే ఉంటుంది. కరెంటు నేలలోకి కారితే పసిగట్టి సరఫరా తెంచే స్విచ్, అంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం చప్పున పడుతుంది. సీమ వేదిక మీద ప్రాణం కాపాడేది ఎర్త్ గుంత ఒక్కటే కాదు, ఆర్‌సీసీబీ కూడా. పొడినేలలో దాని అవసరం ఇంకా ఎక్కువ.

మరి రొద సంగతి? గుంతలో నీళ్లు పోస్తే హమ్ పోతుందన్న నమ్మకం ఇక్కడ నిలబడదు. వేదిక మీది పరికరాలన్నీ కలిపి 3 మిల్లీ ఆంపియర్ల కరెంటును ఎర్త్‌లోకి కారుస్తున్నా, 335 ఓంల గుంత మీద పడేది ఒక్క వోల్టు. పరికరాలన్నీ ఒకే ఎర్త్ తీగ మీద ఉంటే అన్నీ కలిసే ఆ ఒక్క వోల్టు పైకి లేస్తాయి. వాటి మధ్య తేడా ఉండదు, తేడా లేకపోతే హమ్ ఉండదు. రొదకు కావలసింది నేల తడి కాదు, తెగకుండా సాగిన ఎర్త్ తీగ.

ఆ తీగే మన దగ్గర తెగి ఉంటుంది. త్రీ పిన్ ప్లగ్గుకు మూడో పిన్ విరిచేసి టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సులో దూర్చడం ఏ ఫంక్షన్ హాల్లో చూసినా కనిపిస్తుంది. ఎర్త్ లేకపోతే అడాప్టర్లు, యాంపుల లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కారే కరెంటుకు పోయే దారి ఉండదు. అప్పుడు పరికరాల గ్రౌండు సరఫరా వోల్టేజిలో సగం దాకా, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతుంది. కరెంటు తక్కువే గానీ తీగల మీద జివ్వుమనే స్పర్శ, పెడల్‌లో గరగర రెండూ అక్కడివే. పిన్ విరిచిన ఆ ప్లగ్గు మార్చి, ఎర్త్ ఉన్న సాకెట్‌లో పెడితే పోయే రొదను ఏ నాయిస్ గేటూ పోగొట్టలేదు.

ఇంకో చిక్కు రెండు ఎర్త్‌లు. వేదిక మీది యాంపులు జనరేటర్ మీద, జనం వెనక ఉన్న మిక్సర్ హాలు కరెంటు మీద నడుస్తాయి. రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న తేడా గిటారు నుంచి మిక్సర్‌కు వెళ్లే కేబుల్ షీల్డ్ గుండా పారుతుంది. ఆ హమ్‌ను సీమ పందిళ్లలో వినని ఆర్కెస్ట్రా వాళ్లుండరు. వేదికకూ మిక్సర్‌కూ ఒకే చోట నుంచి కరెంటు లాగితే సగం గొడవ తీరుతుంది. మిగతాది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు తీరుస్తుంది. దానిమీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడుకోవచ్చు. అది తెంచేది ఆడియో గ్రౌండును మాత్రమే. కరెంటు ప్లగ్గు ఎర్త్ పిన్ తీయడం దానికి ప్రత్యామ్నాయం కాదు, ఎప్పటికీ కాదు.

ఇంట్లో రికార్డు చేసేవాళ్లకు రెండు చిన్న సంగతులు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కరెంటును సెకనుకు నూరుసార్లు కోస్తుంది, ఆ కోత ‘జర్ర్’మని పికప్‌లో పడుతుంది. ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టండి, లేకపోతే ఆపండి. గోడ మీది పాత డబ్బా రెగ్యులేటర్‌తోనూ, కెపాసిటర్ మెట్ల రెగ్యులేటర్‌తోనూ ఈ బాధ ఉండదు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డు చేయవద్దు. అది ఇచ్చే చదరపు అలలో హమ్‌తో పాటు పైమెట్లు కూడా నిండుగా ఉంటాయి. ప్యూర్ సైన్ ఇన్వర్టర్ అయితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

పొడిగాలి మరో సమస్య తెస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కిందికి పడినప్పుడు, ప్లాస్టిక్ పిక్‌గార్డ్ మీద వేళ్లు రాసుకుంటే స్థిర విద్యుత్తు పుట్టి చిటపటలాడుతుంది. చాలామంది దాన్ని జాక్ పిన్ తప్పుగా భావించి సోల్డరింగ్ విప్పుతారు. తడిబట్టతో పిక్‌గార్డ్ తుడిచి చూడండి. చిటపటలు ఆగితే కారణం తేలిపోయినట్టే. పిక్‌గార్డ్ అడుగున గ్రౌండుకు కలిపిన రేకు అంటిస్తే శాశ్వత విరుగుడు. ఇక నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే అది దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు చాలు.

నాబ్‌లు, వరస

మూలాలు సరిచేశాక పెడల్ దగ్గరికి రావచ్చు. మొదటి సూత్రం, అవసరానికి మించి నొక్కవద్దు. సస్టెయిన్ నాబ్ మూడు వంతులు దాటి తిప్పితే వచ్చే అదనపు సాగుడు కొంచెమే, బుస మాత్రం తప్పకుండా పెరుగుతుంది. రేషియో మార్చుకునే పెడల్ అయితే చర్చి పాటలకు 2:1, 3:1 చాలు.

రిలీజ్ నాబ్ రొదను తగ్గించదు గానీ అది వినపడే తీరును మారుస్తుంది. రిలీజ్ వేగంగా ఉంటే ప్రతి మీటు మధ్యలో బుస ఎగిసిపడి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. నింపాదిగా ఉంటే బుస మెల్లగా లేస్తుంది, పాట మధ్యలో చెవి దాన్ని పట్టించుకోదు. బ్లెండ్ నాబ్ ఉన్న పెడళ్లలో కంప్రెస్ కాని అసలు స్వరాన్ని కొంత కలపవచ్చు. మీటు పదును నిలుస్తుంది, మొత్తం పెంపు తగ్గుతుంది, బుసా తగ్గుతుంది.

వరస మీద వాదనలు ఎక్కువ. కంప్రెసర్‌ను గిటారు తర్వాత మొదట పెట్టేవాళ్లు ఎక్కువ, రొద వైపు నుంచి చూస్తే వాళ్లదే సరైన మాట. ఓవర్‌డ్రైవ్ తర్వాత పెడితే, అప్పటికే ఓవర్‌డ్రైవ్ పెంచిన బుసను కంప్రెసర్ ఇంకోసారి పెంచుతుంది. డిలే, రివర్బ్ తర్వాత పెడితే తోకలన్నీ ఉబ్బుతాయి. ఓవర్‌డ్రైవ్ తర్వాత వచ్చే ఆ చదునైన స్వరమే కావాలనుకునేవారు బుసను కూడా ఒప్పుకునే పెట్టుకోవాలి. రికార్డింగులో ఈ చిక్కు లేదు. గిటారును కంప్రెసర్ లేకుండా శుభ్రంగా రికార్డు చేసి, కంప్రెషన్ తర్వాత కంప్యూటర్లో వేసుకోవచ్చు. మౌనం ఉన్న చోట్ల ట్రాకును కోసేయవచ్చు. ఇంట్లో రికార్డు చేసేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా లేదు.

పవర్ సంగతి టూకీగా. ఒక్క అడాప్టర్ నుంచి గొలుసులాగా అన్ని పెడళ్లకూ కరెంటు ఇస్తే, డిజిటల్ పెడల్ కూత గ్రౌండు గుండా కంప్రెసర్‌లోకి చేరి పెరుగుతుంది. ఒక్కో పెడల్‌కు విడి అవుట్‌పుట్ ఇచ్చే ఐసొలేటెడ్ సప్లై దీనికి మందు. అంత ఖర్చు వద్దనుకుంటే కంప్రెసర్ ఒక్కదానికి బ్యాటరీ వేసినా చాలు. అనలాగ్ కంప్రెసర్ తినే కరెంటు తక్కువే కాబట్టి బ్యాటరీ చాలాకాలం వస్తుంది.

నాయిస్ గేట్: మందా, కట్టా?

గేట్ చేసే పని సులువు. స్వరం ఒక మట్టం కిందికి పడగానే తలుపు మూస్తుంది. మూసినప్పుడు రొద వినపడదు. తెరిచినప్పుడు రొదంతా స్వరంతో పాటే ఉంటుంది. కాబట్టి అది పుండుకు కట్టు, రోగానికి మందు కాదు. అయినా చర్చి మౌనంలో ఆ కట్టు చాలా పనికొస్తుంది. ప్రశ్న, ఎక్కడ కట్టాలన్నదే.

కంప్రెసర్ తర్వాత పెడితే గేట్ తికమక పడుతుంది. కంప్రెసర్ చేసేదే మెత్తని స్వరాన్నీ రొదనూ పైకి లేపడం. ముందు 60 డెసిబెల్స్ ఉన్న ఎడం 45కు వచ్చింది. సాగి సాగి తగ్గుతున్న స్వరం చివరకీ, రొదకీ తేడా పట్టడం గేట్‌కు కష్టమవుతుంది. గమకం తోకను కత్తిరిస్తుంది, లేకపోతే రొదను వదిలేస్తుంది. కంప్రెసర్‌కు ముందు పెడితే గిటారు హమ్‌ను చక్కగా ఆపుతుంది గానీ, కంప్రెసర్ సొంత బుస మీద దానికి అధికారం లేదు.

బాస్ 1987లో తెచ్చిన ఎన్ఎస్-2 లాంటి పెడళ్లు ఈ ముడి విప్పాయి. గిటారును నేరుగా దాని ఇన్‌పుట్‌కు ఇస్తారు. సెండ్ నుంచి కంప్రెసర్‌కు, కంప్రెసర్ నుంచి రిటర్న్‌కు. తలుపు ఎప్పుడు మూయాలో గేట్ నిర్ణయించుకునేది కంప్రెస్ కాని అసలు గిటారును విని. మూసేది మాత్రం కంప్రెసర్ తర్వాత వచ్చిన శబ్దాన్ని. వినేది ఒకచోట, మూసేది ఇంకోచోట. కంప్రెసర్‌తో గేట్ వాడదలచుకుంటే ఈ అమరికకు సాటి వచ్చేది లేదు. అందులోనూ తలుపు చప్పున మూయకుండా డికే నాబ్ పెంచి నింపాదిగా మూయించాలి. మెలోడీ వాయించేవాళ్లకు గేట్ మెత్తదనం చాలా ముఖ్యం.

రొద కాని రొద: ఫీడ్‌బ్యాక్

ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా కనిపించేది పియెజో పికప్ ఉన్న ఎలక్ట్రో-అకూస్టిక్ గిటారు. దానికి కంప్రెసర్ తగిలిస్తే బుస కంటే ముందు కూత వస్తుంది. కారణం అదే లెక్క. తీగ ఆగినప్పుడు 15 డెసిబెల్స్ పెంపు తిరిగి వస్తుంది కదా, కూతకు ముందు మిగిలిన వెసులుబాటులో 15 డెసిబెల్స్‌ను అది మింగేస్తుంది. వాయిస్తున్నంతసేపూ బాగానే ఉండి, ఆపగానే మానిటర్ ‘కూ’మనడం ఇందువల్లే. నేల నిండా కడప బండలు, నాలుగు వైపులా నున్నటి గోడలు ఉన్న హాళ్లలో శబ్దం ఎక్కడా ఇంకదు. అక్కడ ఇది మరీ ఎక్కువ. గిటారు సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టడం, మానిటర్‌ను గిటారు ముఖానికి ఎదురు కాకుండా పక్కకు తిప్పడం, కంప్రెసర్ పెంపును 6 డెసిబెల్స్ దగ్గర ఆపడం, ఈ మూడింటితో చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇక్కడ గేట్ అసలైన ఉపకారం చేస్తుంది. తీగ ఆగితే తలుపు మూసి, కూతకు కావలసిన చుట్టును తెంచేస్తుంది.

తూకం

సలహాలన్నీ తూచాక ఒక వరస తేలుతుంది. మొదట ఎర్త్ పిన్, ఆర్‌సీసీబీ, వేదికకూ మిక్సర్‌కూ ఒకే కరెంటు. ఇవి రొదకే కాదు, ప్రాణానికీ సంబంధించినవి కాబట్టి బేరం లేదు. రెండోది గిటారు: నిండు వాల్యూమ్, షీల్డింగ్, మంచి కేబుల్, ఒంటి కాయిల్ హమ్ భరించలేకపోతే హంబకర్. మూడోది పెడల్ పవర్, వరస. నాలుగోది నాబ్‌లు. అయిదోది సెండ్, రిటర్న్ లూప్ ఉన్న గేట్. ఇవన్నీ అయ్యాక కూడా ‘స్స్స్’ మిగిలితే అప్పుడు పెడల్ మార్చే ఆలోచన చేయవచ్చు. ఓటీఏ నుంచి ఆప్టికల్‌కో వీసీఏకో మారితే ఆ మిగిలిన బుస నిజంగానే తగ్గుతుంది.

మన అంగళ్లలో, స్నేహితుల మధ్య నడిచే సలహా దీనికి తలకిందులు. మొదట పెడల్ మారుస్తారు, తర్వాత గేట్ కొంటారు, చివరికి ఎప్పుడో ప్లగ్గు వైపు చూస్తారు. రూపాయి ఖర్చు లేని పనులు చివరికి, వేలు ఖర్చయ్యే పనులు ముందుకు వచ్చాయి. చర్చి కమిటీలు, ఆర్కెస్ట్రా నిర్వాహకులు కొత్త పెడల్‌కు డబ్బివ్వడానికి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేదిక దగ్గరి ప్లగ్గులన్నిటికీ ఎర్త్ కొనసాగుతోందో లేదో టెస్టర్‌తో చూపించమని అడగాలి. అది ఒక్క పూట పని. తీగ తెగిన ప్లగ్గు దొరికితే కొత్త పెడల్ ఖర్చు తప్పినట్టే. దొరకకపోతే అప్పుడు పెడల్ గురించి మాట్లాడుకోవడానికి కారణం ఉంటుంది.